డాక్టరు పట్టము తరువాత: జీవశాస్త్రములలో పరిశోధనావకాశములు

విశ్వవిద్యాలయములో పరిశోధన జరిపి, సిద్ధాంతవ్యాసము సమర్పించి, పి.హెచ్.డి. పట్టము పొందినవారి చదువు అంతటితో ముగిసినట్లే యని సాధారణముగా అందరును తలంచుదురు. ఇంక ఉద్యోగ మెప్పుడని బంధువులు అడుగుటయు అప్పుడే మొదలగును. కాని జీవశాస్త్రములలో కృషిచేయదలచినవారికి ఆ పట్టము దారిలో ఒక మజిలీ మాత్రమే. దాని తరువాత రెండు మూడేండ్లు, ఒక్కొక్కప్పుడు ఐదారేండ్లు, మరియొక శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో జీతముపై పరిశోధన చేయుట పరిపాటి. దీనికి డాక్టరేటు అనంతర పరిశోధనమని పేరు. ప్రయోగశాలలలో మాత్రము దీనిని క్లుప్తముగా ‘పోస్ట్‌డాక్’ అందురు. ఆ పని చేయువారిని గూడ ఆ పేరుతోనే పిలుతురు.

పోస్ట్‌డాక్ విద్యార్థి కాడు. పరీక్షలు లేవు, చివర పట్టమును రాదు. అధ్యాపకుడును కాడు, ఉద్యోగము స్థిరమైనది కాదు. ఇట్టి నడిమి స్థితి ఎందుకు ఏర్పడినది? దానివలన ఎవరికి ఏమి ప్రయోజనము? ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రమును ఇష్టపడి చదువుచున్న బాలుడో బాలికయో ఆ దారిని పోదలచినచో, పది పదునైదేండ్ల తరువాత ఎదురగు ఈ ఘట్టమును గూర్చి ఇప్పుడే కొంత తెలిసియుండుట మంచిది. ఉపాధ్యాయులకు ఇది మరింత అవసరము. ఏలయన, సైంటిస్టు కావలెనన్న ఎంతవరకు చదువవలెనను ప్రశ్న మొట్టమొదట చేరునది వారినే.

పి.హెచ్.డి. కొరకు పనిచేయు విద్యార్థికి సాధారణముగా సమస్యను గురువే ఎంచి యిచ్చును. ఆ ప్రయోగశాలలో నున్న పరికరములతో, అక్కడ అలవాటైన పద్ధతులతో పని నడచును. నాలుగైదేండ్లు గడచునప్పటికి విద్యార్థి ఒక విషయములో ఆరితేరును. కాని చేతికి వచ్చినది ఒక్క పనిముట్టే. జీవకణము ఒక్క పనిముట్టుకు లొంగునది కాదు. కణములో జరుగు చర్యలు రసాయనికములు. దాని భాగముల ఆకృతిని తెలిసికొనుటకు భౌతికశాస్త్రము కావలెను. వేలకొలది జన్యువుల సమాచారమును పోల్చిచూచుటకు గణితమును, కంప్యూటరును కావలెను. మొక్కల శరీరధర్మమును చదివినవారు సూక్ష్మజీవుల యొద్దకు, ఈగలపై పనిచేసినవారు ఎలుకల యొద్దకు పోవలసి వచ్చును. ఇట్లు ఒక విద్యనుండి మరియొక విద్యలోనికి దాటుటకు అనువైన కాలము పరిశోధకుని జీవితములో ఇదియే. విద్యార్థిగా నున్నప్పుడు ఆ స్వేచ్ఛ లేదు. అధ్యాపకత్వము వచ్చిన తరువాత పాఠములు, కమిటీలు, గ్రాంటుల దరఖాస్తులు మీదపడి తీరిక చిక్కదు.

ఈ ఏర్పాటు మిక్కిలి పాతది కాదు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన కాలములో, అమెరికాలో భౌతిక రసాయనశాస్త్రములను పెంపొందించుటకై ఒక పెద్ద పరిశోధనాలయమును కట్టవలెనా అని రాక్‌ఫెల్లరు సంస్థ ఆలోచించెను. తుదకు భవనము మాని, డాక్టరేటు పొందిన యువకులకు జీతమిచ్చి విశ్వవిద్యాలయములలో పనిచేసికొననిచ్చుట మేలని నిశ్చయించి, 1919లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి ద్వారా ఫెలోషిప్పులను నెలకొల్పెను. కొలది సంవత్సరములకే అవి వైద్య, జీవశాస్త్రములకు గూడ విస్తరించెను. సొమ్మును గోడలపై గాక మనుష్యులపై పెట్టు ఈ పద్ధతి తరువాత పలుదేశములకు ప్రాకినది. అది ఎంత ఫలించినదో అనువంశికతా రహస్యము బయటపడిన కథను బట్టి తెలియును. ఆ కథలో మలుపు మలుపునను ఒక పోస్ట్‌డాక్ కనబడును.

డి.ఎన్.ఏ. ఆకృతిని 1953లో కేంబ్రిడ్జిలో కనుగొన్న ఇద్దరిలో ఒకరైన జేమ్స్ వాట్సన్, పక్షులపై మక్కువతో జంతుశాస్త్రము చదివి, బాక్టీరియాలను చంపు వైరసులపై పనిచేసి 1950లో డాక్టరేటు పొందెను. జీవరసాయనము నేర్చుటకై ఫెలోషిప్పుపై కోపెన్‌హేగను చేరెను. మరుసటి వసంతములో నేపుల్సు నగరమున జరిగిన ఒక సమావేశములో మారిస్ విల్కిన్స్ చూపిన డి.ఎన్.ఏ. ఎక్స్-కిరణ చిత్రము ఆయన మనస్సును మార్చినది. వెంటనే కేంబ్రిడ్జికి మారెను. ఇది ఫెలోషిప్పు ఇచ్చినవారికి నచ్చక, దాని గడువును తగ్గించిరి. లండనులో డి.ఎన్.ఏ. చిత్రములను అత్యంత స్పష్టముగా సాధించిన రోజలిండ్ ఫ్రాంక్లిన్ గూడ అక్కడకు ఫెలోషిప్పుపైననే వచ్చెను. ఆమె డాక్టరేటు పొందినది బొగ్గుపై. 1947 నుండి నాలుగేండ్లు పారిసులో బొగ్గు యొక్క లోపలి నిర్మాణమును ఎక్స్-కిరణములతో పరీక్షించుట నేర్చెను. ఆ చేతిపనియే డి.ఎన్.ఏ. పోగులకు అక్కరకు వచ్చినది. బొగ్గుకును జన్యువునకును ఏమి సంబంధమని ఆనాడు అడిగినవారికి ఎవ్వరును జవాబు చెప్పలేకపోయి యుందురు.

ఆకృతి తెలిసిన పిదప మిగిలిన ప్రశ్న వ్రాతను గూర్చినది. డి.ఎన్.ఏ.లో నాలుగు రకముల అక్షరములు మాత్రమే కలవు. మాంసకృత్తులలో నున్న ఆమినో ఆమ్లములు ఇరువది. ఏ అక్షరముల కూర్పు ఏ ఆమ్లమును సూచించును? గొప్ప సిద్ధాంతవేత్తలు కాగితముపై లెక్కలు కట్టుచుండగా, సమాధానపు మొదటి ముక్క అప్పటికి అంతగా పేరులేని ఇద్దరికి దొరకెను. అమెరికాలో బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలకు 1957లో పోస్ట్‌డాక్‌గా వచ్చి, పిదప అక్కడనే ఉద్యోగము పొందినవాడు మార్షల్ నైరెన్‌బర్గ్. ఆయనయొద్దకు జర్మనీనుండి ఫెలోషిప్పుపై వచ్చిన పోస్ట్‌డాక్ హైన్రిఖ్ మట్టాయి. మట్టాయి చదివినది మొక్కల శరీరధర్మము.

వారి ప్రయోగము చెప్పుటకు సులభము, చేయుటకు కష్టము. పేగులలో నివసించు ఎషరికియా కోలై అను బాక్టీరియాను నూరి, వడిగా త్రిప్పి, కణకవచముల ముక్కలను వేరుచేసినచో ఒక రసము మిగులును. కణము చచ్చినను, ఆ రసమునకు మాంసకృత్తులను అల్లుశక్తి కొంతసేపు ఉండును. దానిలోని డి.ఎన్.ఏ.ను ఒక ఎంజైముతో నాశనముచేసినచో, కొంతసేపటికి రసమునకు ఆజ్ఞలిచ్చువారు లేక పని నిలిచిపోవును. అప్పుడు బయటినుండి ఒక కృత్రిమమైన ఆజ్ఞను అందింపవచ్చును. వారు అందించినది యూరసిల్ అను ఒక్క అక్షరమే వరుసగా కూర్చబడిన ఆర్.ఎన్.ఏ. పోగు. అన్నియు ‘యు’ అక్షరములే యున్న వాక్యమును ఈ రసము ఎట్లు చదువును? దీనిని తెలిసికొనుటకు ఇరువది ఆమినో ఆమ్లములలో ఒక్కొక్కదానికి రేడియోధార్మిక గుర్తుపెట్టి వేరువేరు నాళికలలో చూడవలెను. 1961 మే 27 తెల్లవారుజామున మట్టాయి లెక్కింపు యంత్రమునందు ఫలితమును చూచెను. ఫినైల్ అలనిన్ అను ఆమ్లము చేర్చిన నాళికలో మాత్రము అంకె బహుముఖముగా పెరిగెను. తక్కినవానిలో చలనము లేదు. జన్యుభాషలో మొదటి మాటకు అర్థము తెలిసినది. ఆ సమయమున నైరెన్‌బర్గ్ అక్కడ లేడు. మరియొక ప్రయోగము నేర్చుటకు దేశపు ఆవలి తీరమున బర్క్‌లీలో నుండెను. ఆగస్టులో మాస్కోలో జరిగిన జీవరసాయన మహాసభలో నైరెన్‌బర్గ్ ఈ ఫలితమును ప్రకటించెను.

1968లో ఈ కృషికి నోబెల్ బహుమానము వచ్చినప్పుడు దానిని పంచుకొన్న ముగ్గురిలో మట్టాయి పేరు లేదు. ఆయన జర్మనీకి తిరిగిపోయి గోటింగెనులో పరిశోధన సాగించెను. సమస్యను ఎంచి, తరువాతి ఏండ్లలో తక్కిన మాటలకు అర్థము తెలిసికొన్నది నైరెన్‌బర్గ్ బృందమేయైనను, ఆ రాత్రి ప్రయోగము మట్టాయి చేతిలో ఫలించినదను మాట నిజము. పోస్ట్‌డాక్ పనిచేయుచోట చేతులు ఒకరివి, ప్రయోగశాల మరియొకరిది. పేరు ఎవరికి ఎంత దక్కవలెనను చిక్కు ఇప్పటికిని తీరలేదు.

ఆ బహుమానమును పంచుకొన్నవారిలో ఒకరు హరగోవింద ఖొరానా. 1922లో, నేడు పాకిస్తానులోనున్న పంజాబు పల్లెలో పుట్టి, భారతప్రభుత్వ ఉపకారవేతనముపై లివర్‌పూలు వెళ్లి 1948లో డాక్టరేటు పొందెను. పిదప జ్యూరిచ్‌లో వ్లాడిమిర్ ప్రెలోగ్ వద్ద సుమారు ఒక సంవత్సరము పనిచేసెను. దానికి జీతము లేదు. దాచుకొన్న సొమ్ముతోనే కాలము గడపెను. అక్కడ జర్మను భాషలోని రసాయనశాస్త్ర వ్యాసములు చదువుచుండగా, అంతగా ఎవ్వరును పట్టించుకొనని కార్బోడైఇమైడు అను ద్రవ్యము ఆయన కంటబడినది. 1949లో స్వదేశమునకు వచ్చి చూడగా ఉద్యోగము దొరకలేదు. మరల కేంబ్రిడ్జికి పోయి కెన్నర్, టాడ్ అను రసాయనికుల వద్ద మాంసకృత్తులపై, న్యూక్లియిక్ ఆమ్లములపై పనిచేసెను. 1952లో కెనడాలోని వాంకూవరులో స్వంత ప్రయోగశాల లభించిన తరువాత, ఆ కార్బోడైఇమైడునే ఉపయోగించి న్యూక్లియోటైడులను ఒకదానికొకటి అతుకుట సాధించెను. తరువాత విస్కాన్సిన్‌లో, కావలసిన వరుసలో అక్షరములను కూర్చిన పోగులను తయారుచేసి, జన్యుభాషలోని మాటలను తప్పుపట్టుటకు వీలులేనట్లు చదివి చూపెను. ‘యు, సి’ అను రెండక్షరములు మారి మారి వచ్చు పోగునుండి సెరిన్, ల్యూసిన్ అను రెండు ఆమ్లములు మారి మారి వచ్చు మాంసకృత్తు పుట్టినది. మాటకు మూడేసి అక్షరములను సంగతికి ఇంతకన్న తేటయైన నిదర్శనము కష్టము. జీతములేని ఆ జ్యూరిచ్ సంవత్సరము వ్యర్థమని ఎవరనగలరు?

భాష తెలిసినది, ఇక దానిని చదువు యంత్రము మిగిలినది. కణములో ఆజ్ఞను చదివి మాంసకృత్తును అల్లునది రైబోసోము. దాని ఆకృతిని ఛేదించిన ముగ్గురిలో ఒకరైన వెంకట్రామన్ రామకృష్ణన్ 1952లో చిదంబరములో జన్మించి, బరోడాలో భౌతికశాస్త్రము చదివి, 1976లో అమెరికాలోని ఒహాయో విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రములోనే డాక్టరేటు పొందెను. పట్టము చేతికి వచ్చునప్పటికే ఆయన మనస్సు జీవశాస్త్రముపైకి పోయినది. డాక్టరై యుండియు మరల రెండేండ్లు కాలిఫోర్నియాలో జీవశాస్త్ర విద్యార్థిగా చేరి తరగతులలో కూర్చుండెను. ఆ రోజులలో రైబోసోమును న్యూట్రానులతో పరిశీలించుటను గూర్చి ఒక ప్రజాదరణగల విజ్ఞాన పత్రికలో వ్యాసము చదివి, దానిని వ్రాసిన శాస్త్రజ్ఞులకు ఉత్తరము వ్రాసెను. దాని ఫలితముగా 1978లో యేల్ విశ్వవిద్యాలయమున పీటర్ మూర్ ప్రయోగశాలలో పోస్ట్‌డాక్‌గా చేరెను.

అక్కడి పద్ధతి చమత్కారమైనది. బాక్టీరియా రైబోసోములోని చిన్నభాగమున 21 మాంసకృత్తులు కలవు. ఏది ఎక్కడ నున్నదో తెలియవలెను. సాధారణ హైడ్రోజనునకు బదులు, దానికన్న బరువైన డ్యుటీరియము గల మాంసకృత్తులు రెండింటిని ఆ భాగములో పొదిగి న్యూట్రాను పుంజమును పంపినచో, న్యూట్రానులు హైడ్రోజనునుండి ఒకరీతిగను డ్యుటీరియమునుండి వేరొకరీతిగను చెదరును గనుక, ఆ రెండింటి నడుమ దూరమును కట్టవచ్చును. ఇట్లు జంటజంటగా దూరములు కొలిచి, త్రిభుజములు కూర్చి దేశపటము గీసినట్లు, మొత్తము పటమును గీయుదురు. ఆ పటము పూర్తియగుటకు 1987 వరకు పట్టినది. కాని రామకృష్ణన్‌కు భౌతికశాస్త్రమునుండి జీవశాస్త్రమునకు వంతెన దొరకినది యేల్‌లోనే. వంతెన దొరకినను ఉద్యోగము దొరకలేదు. పోస్ట్‌డాక్ చివర సుమారు 50 విశ్వవిద్యాలయములకు దరఖాస్తులు పంపినను ఒక్కచోటను అధ్యాపకత్వము లభింపలేదు. ఓక్ రిడ్జి, బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలలో పనిచేసి, నడివయస్సులో కేంబ్రిడ్జిలో ఎక్స్-కిరణ స్ఫటికశాస్త్రమును క్రొత్తగా నేర్చి, 2000లో ఆ చిన్నభాగపు ఆకృతిని పరమాణువుల స్థాయిలో ప్రకటించెను. 2009లో నోబెల్ బహుమానమును థామస్ స్టైట్జ్, అడా యోనత్‌లతో పంచుకొనెను.

హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, అనగా సి.సి.ఎం.బి., చరిత్రలోను ఇట్టి మజిలీలు కలవు. దానిని స్థాపించిన పుష్పమిత్ర భార్గవ డాక్టరేటు తరువాత 1953 నుండి మూడేండ్లు విస్కాన్సిన్‌లో కాన్సరు పరిశోధనాలయమున పనిచేసి, ఆ పిమ్మట ఇంగ్లండులో కొంతకాలముండి 1958లో హైదరాబాదునకు వచ్చెను. 1974లో కామన్‌వెల్తు ఫెలోషిప్పుపై ఎడిన్‌బరో వెళ్లిన లాల్జీ సింగ్, కట్లపాము జాతికి చెందిన ఒక సర్పముయొక్క డి.ఎన్.ఏ.లో కనుగొన్న ముక్కపై అక్కడ పనిచేసి, 1987లో సి.సి.ఎం.బి.కి వచ్చి, ఆ ముక్కతోనే మనుష్యులను గుర్తుపట్టు డి.ఎన్.ఏ. వేలిముద్ర పద్ధతిని మనదేశములో నెలకొల్పెను. పాముపై నేర్చిన విద్య న్యాయస్థానములకు ఎక్కినది.

ఇంతవరకు చెప్పినవారందరును గెలిచినవారు. గెలిచినవారి కథలే లోకమునకు తెలియును గనుక, రెండవవైపు గూడ చూపుట న్యాయము. ఒక ప్రొఫెసరు తన ఉద్యోగకాలములో పదిమందికి డాక్టరేటు ఇప్పించెననుకొందము. ఆయన విరమించునప్పుడు ఖాళీయగు స్థానము ఒక్కటి. దానికి తగినవారు పదిమంది. విశ్వవిద్యాలయముల సంఖ్య వేగముగా పెరుగుచున్న కాలమున ఈ లెక్క బాధింపదు. పెరుగుదల మందగించినచో తక్కిన తొమ్మిదిమంది పోస్ట్‌డాక్ గదిలో నిరీక్షింపవలసివచ్చును. రెండేండ్లు నాలుగగును, ఒక ప్రయోగశాల తరువాత మరియొకటి యగును. వయస్సు ముప్పదియైదు దాటును. పెండ్లి, పిల్లలు, తల్లిదండ్రుల పోషణ ఆ కాలమునకే వచ్చును. ఈ భారము స్త్రీలపై మరింత పడును. ఫెలోషిప్పు సొమ్ము నెలలతరబడి ఆలస్యమగుటయు మనదేశములో అపరూపము కాదు. ఈ స్థితిని గమనించి అమెరికా జాతీయ అకాడమీల నివేదిక ఒకటి 2014లో, ఎవ్వరును మొత్తముమీద ఐదేండ్లకు మించి పోస్ట్‌డాక్‌గా నుండరాదని సూచించినది.

విశ్వవిద్యాలయము వెలుపల గూడ విజ్ఞానమున్నదని ఇక్కడ జ్ఞాపకముంచుకొనవలెను. 1895లో భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు 1930లో హార్వర్డులో పి.హెచ్.డి. పొంది, తరువాత పదేండ్లు అక్కడనే పనిచేసినను స్థిరమైన అధ్యాపకత్వము రాలేదు. 1940లో లెడర్లీ అను మందుల కంపెనీలో చేరెను. ఫోలిక్ ఆమ్లము యొక్క తయారీ, బోదకాలునకు వాడు మందు, రక్తపు కాన్సరుపై ప్రయోగించిన తొలి మందులలో కొన్ని, ఇవి యన్నియు 1948లో మరణించులోపల, ఆ కంపెనీలో ఆయన నడపిన పరిశోధనలనుండి వెలువడినవే. నేడు టీకాల పరిశ్రమలోను, మందుల పరిశ్రమలోను, విత్తనముల పరిశోధనలోను పోస్ట్‌డాక్ చేసినవారికి స్థానములున్నవి. దానిని ఓటమిగా నెంచుట పొరపాటు.

పోస్ట్‌డాక్ జీతము రెండు విధములుగా వచ్చును. ఒకటి, ప్రయోగశాల అధిపతి తన గ్రాంటునుండి ఇచ్చునది. ఇది త్వరగా దొరకును. కాని పని ఆయన ప్రణాళికలోనిదే, గ్రాంటు పోయినచో జీతమును పోవును. 2025లో అమెరికాలో అనేక జీవశాస్త్ర గ్రాంటులు ఉన్నట్లుండి రద్దయినప్పుడు ఈ సంగతి పలువురికి అనుభవమునకు వచ్చినది. రెండవది, అభ్యర్థి తన స్వంత ప్రతిపాదనపై పోటీలో గెలుచుకొను ఫెలోషిప్పు. ఇది కష్టము, కాని గెలిచినవారు తమ సమస్యను తామే తెచ్చుకొన్నవారగుదురు. రామకృష్ణన్ వలె భౌతికశాస్త్రమునుండి వచ్చువారికి గూడ చోటున్నది: ఫ్రాన్సులోని స్ట్రాస్‌బుర్గు కేంద్రముగా నడచు మానవ విజ్ఞాన సరిహద్దుల సంస్థ జీవశాస్త్రజ్ఞులకేగాక, భౌతిక, రసాయన, గణితశాస్త్రములలో డాక్టరేటు పొంది జీవశాస్త్రములోనికి రాదలచినవారికి ప్రత్యేకముగా మూడేండ్ల ఫెలోషిప్పులనిచ్చును. ఐరోపాలో ఎంబో సంస్థవారి ఫెలోషిప్పులును, మేరీ స్క్లోడోస్కా-క్యూరీ పేరనున్న ఫెలోషిప్పులును విదేశీయులకు గూడ తెరచియున్నవి. క్యూరీ ఫెలోషిప్పుకు డాక్టరేటు తరువాతి పరిశోధనానుభవము ఎనిమిదేండ్లు మించరాదు.

మనదేశములో అనుసంధాన్ జాతీయ పరిశోధనా సంస్థ ఇచ్చు జాతీయ పోస్ట్ డాక్టరల్ ఫెలోషిప్పు రెండేండ్లకు వర్తించును. సాధారణముగా వయస్సు 35 దాటరాదు, కొన్ని వర్గములవారికి సడలింపు కలదు. సి.ఎస్.ఐ.ఆర్., బయోటెక్నాలజీ శాఖ, భారత వైద్య పరిశోధనా మండలి వేరువేరుగా రిసెర్చి అసోషియేటులను, ఫెలోలను తీసికొనుచున్నవి. బయోటెక్నాలజీ శాఖయు బ్రిటనులోని వెల్‌కం ట్రస్టును కలిసి నెలకొల్పిన ఇండియా అలయన్సు ప్రధాన కార్యాలయము హైదరాబాదులోనే కలదు. పనిచేయుటకు తగిన ప్రయోగశాలలు ఆ నగరములోనే అనేకము: సి.సి.ఎం.బి., డి.ఎన్.ఏ. వేలిముద్రల కేంద్రము, జాతీయ పోషకాహార సంస్థ, టాటా మౌలిక పరిశోధనా సంస్థ శాఖ, కేంద్రీయ విశ్వవిద్యాలయము. తిరుపతిలో 2015లో ఐ.ఐ.ఎస్.ఈ.ఆర్. ప్రారంభమైనది. నియమములు ఏటేట మారుచుండును గనుక, ఆయా సంస్థల తాజా ప్రకటనలనే చూచుకొనవలెను.

ఇక ప్రయోగశాలను ఎంచుకొనుట. పేరుపొందిన పెద్ద ప్రయోగశాలలో ముప్పదిమంది నడుమ ఒకరుగా నుండుట మేలా, క్రొత్తగా మొదలిడిన చిన్న ప్రయోగశాలలో అధిపతి ప్రక్కనే నిలుచుట మేలా అనునది వారివారి స్వభావమును బట్టి యుండును. కాని అడిగి తెలిసికొనవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఇంతకుముందు అక్కడ పనిచేసిన పోస్ట్‌డాక్‌లు నేడు ఎక్కడ నున్నారు? వ్యాసములలో వారి పేర్లు మొదట వచ్చినవా? వెళ్లిపోవునప్పుడు తాము మొదలుపెట్టిన సమస్యను వెంట తీసికొనిపోనిచ్చిరా? వీనికి జవాబులు అధిపతినుండి కాక, అక్కడ పనిచేసి వెళ్లినవారినుండి తెలిసికొనవలెను.

అధిపతికి వ్రాయు మొదటి ఉత్తరము ఒక పుటకు మించనవసరము లేదు. ఒకే ఉత్తరమును పేరు మార్చి వందమందికి పంపినచో చదువకయే తీసివేయుదురు. ఆ ప్రయోగశాలనుండి వెలువడిన వ్యాసములలో ఒకదానిని నిజముగా చదివి, అందులో తేలక మిగిలిన ప్రశ్న యేదియో, దానికి తన చేతిలోనున్న విద్య ఎట్లు పనికివచ్చునో నాలుగు వాక్యములలో చెప్పుట చాలును. పోటీ ఫెలోషిప్పుల నిర్ణయములు తెలియుటకు చాల నెలలు పట్టును గనుక, సిద్ధాంతవ్యాసము సమర్పించుటకు సుమారు ఒక సంవత్సరము ముందే ఈ ఉత్తరప్రత్యుత్తరములు మొదలిడుట వాడుక.